తనంతట తానే బాగైన ఏసీ

చచ్చిపోయిన కూతురు వచ్చి కారులో ఏసీ బాగుచేసి వెళ్లిందని కనకరత్నంగారు ఫోన్లో చెప్పినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆవిడ చెప్పిన తీరు అలాంటిది. పాలు విరిగాయనో, పనిమనిషి రాలేదనో చెప్పినంత మామూలుగా చెప్పారు. బండ్ల లోపాలు పరీక్షించి చెప్పడం నా పని కాబట్టి నేను వచ్చి, ఏసీ పనిచేస్తోందని నా కళ్లతో చూసి, ఆ మాట పోలీసులకు చెబితే చాలట. ఇక తన అల్లుడు జన్మలో బయటికి రాడట.

అల్లుడి పేరు వెంకటసాయి. మూడు వారాల కిందట అతని భార్య తేజస్వి ఇబ్రహీంపట్నం చెరువు కట్ట మీద, ఇంజను నడుస్తున్న కారులో, అద్దాలన్నీ మూసి ఉండగా శవమై కనిపించింది. ఏసీ బటన్ నొక్కి ఉంది. బండ్ల పొగలో ఉండే వాసన లేని విషవాయువు పీల్చి చనిపోయిందని పోస్ట్‌మార్టంలో తేలింది. ఏసీ వేసుకుని నిద్రపోయింది, పొగ లోపలికి వచ్చింది, ఖర్మ అనుకున్నారు అందరూ. భర్త ఒక్కడే అడ్డం తిరిగాడు. ఆ ఏసీ చెడిపోయి పది రోజులైంది, మండే ఎండలో అద్దాలు మూసుకుని తనెందుకు పడుకుంటుంది అని అడిగాడు. ఆ ప్రశ్నే అతని మెడకు చుట్టుకుంది. తర్వాత వాహనాల సర్వేయరు వచ్చి పరీక్షిస్తే ఏసీ భేషుగ్గా పనిచేసింది. అబద్ధమెందుకు ఆడావు అని మొదలుపెట్టిన పోలీసులు నిన్న రాత్రి అతన్ని పట్టుకెళ్లారు. ఈ సాయంత్రం కోర్టులో హాజరుపరుస్తారు.

నన్ను ఈ కేసులోకి లాగింది దయ్యం కాదు. ప్రమాదమని ఊరంతా నమ్మి ఊరుకుంటే, చంపినవాడు తానే లేచి ప్రమాదం కాదు అంటాడా? అంత తెలివితక్కువ హంతకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

పొద్దున ముందు చెరువు దగ్గరికే పోయాను. శవాన్ని మొదట చూసింది నారయ్య అనే గొర్రెల కాపరి. అడిగిందే అడిగేవాళ్లతో విసిగిపోయి ఉన్నాడు, నాతో మాట్లాడటానికి ఇష్టపడలేదు. నేనూ గట్టిగా అడగలేదు. అంతలో అతని కుక్క వచ్చి నా కారు కిందికి దూరి, ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు నాకడం మొదలుపెట్టింది. ఎండాకాలమంతా దానికి ఇదే పని అన్నాడు నారయ్య. కట్ట మీద ఏ బండి ఆగినా దాని కిందికే పోతుందట. ఆ రోజు కూడా పోయిందా అని అడిగాను.

"పోయింది. పోయినంత జల్ది బయటికొచ్చి మొరుగుడు పెట్టింది. గందుకే నేను బోయి సూసిన."

"కింద నీళ్లున్నయా?"

నారయ్య నా వైపు తిరిగాడు. ఈ మాట అతన్ని ఇంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు.

"లేవక్కా. ఇంజనైతే నడుస్తున్నది. కింద నేల మాత్రం పొడిగనే ఉండె, సుక్క లేదు. గప్పుడు సోచాయించలే."

కారు ఏసీ గాలిని చల్లబరిచినప్పుడు ఆ గాలిలో ఉన్న తడి నీళ్లై కిందికి కారుతుంది. చల్లబరచని ఏసీ కింద నేల తడవదు. వెంకటసాయి నిజమే చెప్పాడు. ఆ రోజు ఆ కారులో బటన్ వెలిగింది, గాలి తిరిగింది, చలువ మాత్రం లేదు. మరి సర్వేయరు చూసేసరికి అది ఎలా బాగైందన్నది నాకు మిగిలిన ప్రశ్న.

కనకరత్నంగారి ఇల్లు సాగర్ రోడ్డు మీద నుంచి లోపలికి, కొత్తగా వెలసిన వెంచర్లో ఉంది. కింద ఆవిడ, పై వాటాలో కూతురూ అల్లుడూ ఉండేవారు. నేను వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. గేటు తీయగానే ఇంజను చప్పుడు వినిపించింది. ప్రహరీ లోపల ఆ కారు ఆగి ఉంది, అద్దాలన్నీ మూసి ఉన్నాయి. కారు కింద ఒక స్టీలు గిన్నె పెట్టి ఉంది. పై నుంచి అందులోకి చుక్కచుక్కగా నీళ్లు పడుతున్నాయి.

కనకరత్నంగారు ముందు ఎడమ సీట్లో కూర్చుని, పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నారు. స్టీరింగు ముందు ఎవరూ లేరు. ఆ సీటు మీద మడతపెట్టిన చున్నీ ఒకటి ఉంది, అంతే. నన్ను చూసి ఆవిడ అద్దం కొద్దిగా దించారు.

"వెనక కూర్చో అమ్మా. ముందు సీటు ఖాళీ లేదు."

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది. వెనక తలుపు తీసి కూర్చున్నాను. లోపల చలి కొడుతోంది. ఎవరో వాడిన టాల్కం పౌడరు వాసన, దాని వెనక కొబ్బరినూనె వాసన. చనిపోయి మూడు వారాలైన మనిషి వాసన ఇంత తాజాగా ఉండటం నాకు నచ్చలేదు.

దశదిన కర్మ అయిన దగ్గర్నుంచి రోజూ అన్నం తిన్నాక ఒక గంట ఇలా కూర్చుంటానని చెప్పారావిడ. గిన్నెలో పడే నీళ్లు సాయంత్రం తీర్థంలా తల మీద చల్లుకుంటారట. ఏసీ అప్పటికి పది రోజులుగా పనిచేయని మాట నిజమేనట. ఆ ఎండల్లో కూతురితో కలిసి అద్దాలు దించుకుని వడగాలి మింగుతూ గుడికి పోయొచ్చిన సంగతి ఆవిడే చెప్పారు. అయితే కారు స్టేషన్ నుంచి ఇంటికొచ్చిన రాత్రే అది బాగైంది. మొగుడి అబద్ధం బయటపెట్టడానికి తేజస్వే వచ్చి బాగుచేసిందని ఆవిడ నమ్మకం.

"చెడిపోయిన మాట నిజమైతే అల్లుడు చెప్పింది అబద్ధమెట్లయితది అమ్మా?"

ఆవిడ తడుముకోలేదు. మరి తేజూ దాన్ని ఊరికే బాగుచేస్తుందా, ఏదో చెప్పాలనేగా అన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి లెక్క వేరు. అందులో నా లెక్క ఇరికించడం అప్పుడే వద్దనుకున్నాను.

మాటల్లో కొడుకు సంగతి వచ్చింది. కొడుకు పేరు దుర్గేష్, తేజస్వికి తమ్ముడు. పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ లైట్లు, జనరేటర్లు పెడతాడు. మహేశ్వరం దగ్గర షెడ్డు ఉంది, అక్కడే ఉండేవాడు. మూసిన షెడ్డులో జనరేటర్లు నడిపి చూస్తాడని, ఆ పొగకు చలికాలంలో ఒక పనివాడు స్పృహ తప్పి పడిపోయాడని తేజస్వి గొడవపెట్టుకుంది. ఆమె కాలేజీలో పాఠాలు చెప్పేది, తప్పు కనిపిస్తే తమ్ముడని ఊరుకోదు, పైవాళ్లకు రాసి ఇస్తానంది. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. అతను ఈ గడప తొక్కలేదు. అక్క పోయాకే వచ్చి తల్లి దగ్గర ఉంటున్నాడు.

"పోయాకే వాడికి అక్క విలువ తెలిసింది. నేనిలా కూర్చోడానికి రోజూ పెట్రోలు తెచ్చి పోసేది వాడే. ఇప్పుడూ దానికే వెళ్లాడు."

చివరిరోజు పొద్దున తేజస్వి ఎలా బయలుదేరిందో అడిగాను. ఎప్పటిలాగే గేటు దాటాక రెండుసార్లు హారన్ కొట్టిందట. వెళ్లొస్తానని నోటితో చెప్పే అలవాటు ఆమెకు లేదు. ఆ రెండు హారన్లే తనతో చివరి మాట అంటూ కనకరత్నంగారు పక్క సీటు మీది చున్నీ సర్దారు.

కారు వచ్చాక హారన్ ఎవరైనా కొట్టారా అని అడిగాను. ఎవరూ కొట్టలేదు. ఒకసారి నొక్కి చూద్దామంటే, ఎవరూ ముట్టుకోవద్దన్నారు. అని, ఏమనుకున్నారో ఏమో, తనే చేయి చాచి స్టీరింగు మధ్యలో నొక్కారు. బానెట్ లోపల ఎక్కడో టిక్ మంది, అంతే. మళ్లీ నొక్కారు. మళ్లీ టిక్. కూత రాలేదు.

"మొన్నమొన్నటిదాకా మోగిందే" అని ఆవిడ నా వైపు తిరిగారు. ఏసీ బాగైతే ఆవిడకు కూతురు వచ్చింది, హారన్ పోతే ఆ కూతురి మాట పోయింది. బానెట్ ఎవరినీ తెరవనివ్వని మనిషి, ఆ మాట ఎక్కడ పోయిందో వెతికిపెట్టమని తనే లివరు లాగారు.

సరిగ్గా అప్పుడే భుజంగరావుగారు గేటు తోసుకుని వచ్చారు. ఆయన మోటారు వాహనాల సర్వేయరు. వెంకటసాయిని లోపలికి పంపిన రిపోర్టు ఆయనదే. ఒకప్పుడు నేను ఆయన కిందే పనిచేశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, నాలుగో కాలు చూపించిన రోజున నా ఉద్యోగం పోయింది. మా ఇద్దరి మాటా ఒకటైతే కేసు గట్టిపడుతుందని కనకరత్నంగారు ఆయన్నీ రమ్మన్నారట.

"నర్మదగారూ, ఏసీ చల్లగా వస్తోందా లేదా? వస్తోంది కదండీ. ఇక దానికి రోగమేమిటని బానెట్ విప్పడమెందుకు? బతికున్నవాడికి పోస్ట్‌మార్టం చేస్తారా?"

"హారన్ చూసిన్రా సార్ మీ రిపోర్టుల?"

"హారన్ వల్ల ఎవరూ చావరు."

నేను కరెంటు ఎక్కడిదాకా వస్తోందో చూపే టెస్ట్ ల్యాంపు తీశాను. హారన్ ఫ్యూజు బాగుంది. కరెంటు రిలే దాకా వస్తోంది, అక్కడి నుంచి ముందుకు పోవడం లేదు. రిలే అంటే అగ్గిపెట్టెలో సగం ఉండే నల్ల డబ్బీ. మనం నొక్కే బటన్ పెద్ద కరెంటు మోయలేదు. బటన్ రిలేకి చెబుతుంది, రిలే అసలు పనికి కరెంటు అందిస్తుంది. ఆఫీసరు సంతకం పెడితే గుమాస్తా పని జరిపించినట్టు. ఇక్కడ గుమాస్తా తలూపుతున్నాడు, పని జరగడం లేదు. ఆ టిక్ చప్పుడు అదే. లాగి చూస్తే దాని ఒక కాలు కాలి గోధుమరంగుకు తిరిగి ఉంది.

భుజంగరావుగారు వంగి చూశారు. ఆయన అహంకారి అయితే అయ్యారుగాని పని తెలిసిన మనిషి. ఆయన చూపు కాలిన రిలే మీద ఆగలేదు, దాని పక్కనున్న ఏసీ రిలే మీదికి పోయింది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే నంబరువి, ఒకదాని చోట ఇంకొకటి సరిపోతుంది. ఆ పెట్టెలో మిగతా రిలేలన్నిటి మీదా ఏళ్ల నాటి దుమ్ము పొరలా ఉంది. ఈ రెండిటి మీద మాత్రం వేళ్లు పడ్డ మేర దుమ్ము చెరిగిపోయింది.

"మార్చేశారు" అన్నారాయన నెమ్మదిగా.

మెకానిక్కులు రోజూ చేసే పనే అది. ఏసీ ఆగిపోతే, పక్కనున్న హారన్ రిలే తీసి అందులో పెట్టి చూస్తారు. ఏసీ పనిచేస్తే రోగం రిలేదేనని తెలుస్తుంది, కొత్తది తెచ్చి వేస్తారు. ఇక్కడ కొత్తది ఎవరూ తేలేదు. మంచి రిలే ఏసీకి ఇచ్చి, కాలినదాన్ని హారన్‌కు అంటగట్టి మూత మూసేశారు.

ఆయన కళ్ల ముందే రెండిటినీ మళ్లీ అటుది ఇటు మార్చాను. కనకరత్నంగారు కారులోనే ఉన్నారు. ఏసీ బటన్ వెలుగుతూనే ఉంది, గాలి హోరు కూడా తగ్గలేదు. చలువ పుట్టించే కంప్రెసర్ మాత్రం ఆగిపోయింది. కాసేపటికి లోపలి గాలి వెచ్చబడటం మొదలైంది. ఆవిడ అరచేయి గాలి వచ్చే జాలీకి ఆనించి అలాగే ఉంచారు.

"తేజూ" అని పిలిచారు. పక్క గదిలో ఉన్న మనిషిని పిలిచినట్టే పిలిచారు.

ఆ రిలేలను పీకి నేలకేసి కొట్టాలనిపించింది. కూతురిని రెండోసారి చంపిన పాపం నాకే తగిలినట్టుంది. వెళ్లి కిటికీ దగ్గర నిలబడి, ఇప్పుడు హారన్ కొట్టి చూడమన్నాను. ఆవిడ కొట్టారు. మోగింది. ఇంకోసారి కొట్టి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

భుజంగరావుగారు అంత సులువుగా వదలలేదు. రిలేలు ఎప్పుడో ముందే మార్చి ఉండవచ్చన్నారు. ముందే మారిస్తే ఆ పొద్దున గేటు బయట హారన్ మోగేది కాదు అన్నాను. దారిలో ఏ మెకానిక్కో మార్చి ఉంటాడన్నారు. నారయ్య కుక్క సంగతి చెప్పాను. శవం దొరికేసరికి కారు కింద పొడినేల, అంటే అప్పటికీ ఏసీ చచ్చే ఉంది. మార్చింది ఆ తర్వాతే.

"అయితే అల్లుడే మార్చి ఉంటాడండీ."

"మార్చినోడు, ఏసీ పనిచేస్తలేదని తనే పోయి చెప్తడా సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఆపలేదు.

"ఏసీ చెడిపోయిందని తెలిసినోళ్లు ఈ ఇంట్ల ఇద్దరే. అమ్మ, వెంకటసాయి. చంపినోనికి గది తెల్వదు. తెలిస్తే అద్దాలు మూసి, ఏసీ బటన్ నొక్కి పోయేటోడే కాదు. తర్వాత ఎప్పుడో కారు నడిపితే గాలి వేడిగ వచ్చింది. గప్పుడు భయపడ్డడు, బాగుచేసిండు."

చివరికి భుజంగరావుగారు ఒక సంగతి చెప్పారు. అది చెప్పడానికి ఆయనకు కష్టమైంది, తన రిపోర్టును తానే చింపుకోవడం అది. స్టేషన్ ఆవరణలో ఉన్నంతసేపూ బానెట్ మీద కాగితం సీలు ఉందట. కారు ఇంటివాళ్లకు అప్పగించేటప్పుడు సీలు చెక్కుచెదరలేదు, అది విప్పింది ఆయన ఎదుటే. అది సాయంత్రం. ఆయన ఇక్కడికి వచ్చి ఏసీ పరీక్షించింది మర్నాడు పొద్దున. మధ్యలో ఒక్క రాత్రి కారు ఈ ప్రహరీలో ఉంది. వెంకటసాయి ఆ రాత్రి ఇక్కడ లేడు, అస్థికలు కలపడానికి వెళ్లాడు.

కారు ఇంటికి తెచ్చిందెవరని కనకరత్నంగారిని అడిగాను. దుర్గేష్ అన్నారు. ఏసీ బాగైందని మొదట చెప్పిందెవరని అడిగాను. ఈసారి ఆవిడ ఏసీ బటన్ వైపు చూస్తూ చెప్పారు.

"వాడే లేపాడు నన్ను. అక్క వచ్చిందమ్మా, చూద్దువుగాని రా అన్నాడు."

ఏసీ చెడిందని ఇంట్లో తెలుసు కాబట్టి, బాగైనదానికి ఏదో కారణం చెప్పాలి. ఏడుస్తున్న తల్లికి అంతకంటే నమ్మదగిన కారణం ఇంకొకటి ఉండదు. ఆ తెలివి నాకు అసహ్యమేసింది.

భుజంగరావుగారు మాత్రం చివరి కొసను పట్టుకుని వేలాడుతున్నారు. ఎవరేం మార్చినా విషవాయువు ఈ కారుదేనన్నారు, సైలెన్సర్ గొట్టానికి చిల్లు ఉంది, తన కళ్లతో చూశారు. కావాలంటే కనకరత్నంగారిని అడగమన్నాను. ఈ కారులోనే, ఇలాగే అద్దాలు మూసి, ఇంజను నడుస్తుండగా ఆవిడ రోజూ గంటసేపు కూర్చుంటున్నారు. ఒక్కరోజు తల కూడా తిరగలేదు. చిల్లు ఉన్న మాట నిజం, దాని పొగ కిందికే పోతోంది.

ఆయన మొహంలో రక్తం ఇంకిపోయింది. అది నేను గెలిచినందుకు కాదు.

"రోజూ కూర్చుంటున్నారా అమ్మా? ఈ కారు స్టార్ట్ చేయవద్దు, ప్రాణాపాయం అని రిపోర్టు మొదట్లోనే రాశాను కదండీ. కాపీ ఇంటికిచ్చాను. చదివి వినిపించి మరీ ఇచ్చాను."

"నాకెవరూ చెప్పలేదే" అన్నారు కనకరత్నంగారు.

"ఎవరికిచ్చిన్రు సార్?" అని అడిగాను, జవాబు తెలిసి కూడా.

ఆయన నోరు తెరిచేలోపే గేటు చప్పుడైంది. దుర్గేష్ పెట్రోలు డబ్బా పట్టుకుని లోపలికి వచ్చాడు. సన్నగా, నిద్రలేని కళ్లతో ఉన్నాడు. మమ్మల్ని చూశాడు, లేచి ఉన్న బానెట్‌ను చూశాడు. డబ్బా కింద పెట్టి, కారు ఆపేయలేదేమని తల్లిని అడిగాడు.

ఈ కారు పొగే అక్కను చంపిందని కాగితం చేతిలో పెట్టి చెబితే, ఏ కొడుకైనా తల్లిని ఆ కారు దరిదాపులకు రానిస్తాడా? ఇతను రోజూ పెట్రోలు తెచ్చి పోశాడు. తల్లిని చంపాలనుకునైనా ఉండాలి, లేదా ఈ కారులో విషం లేదని ఖాయంగా తెలిసైనా ఉండాలి. తల్లి మీద ప్రేమ నటన కాదు, ఆ కళ్లలో కనిపిస్తూనే ఉంది. అంటే రెండోదే. తేజస్వి ఎక్కడి పొగకు చనిపోయిందో ఇతనికి తెలుసు. మూసిన షెడ్డు, అందులో నడిచే జనరేటరు, రాసి ఇస్తానన్న అక్క. తానై చంపాడో, లోపలికి వచ్చిన అక్క పడిపోతే చూస్తూ ఊరుకున్నాడో ఇంకా తెలియదు. తెచ్చి చెరువు కట్ట మీద పెట్టింది మాత్రం ఇతనే.

నేను చెప్పకుండానే కనకరత్నంగారు ఈ లెక్కంతా తనే వేసుకున్నారు. ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయింది. ఇంజను ఆపి, తలుపు తీసుకుని దిగారు.

"బాబూ, నేనిచ్చిన రిపోర్టు అమ్మకు చదివి వినిపించావా?" అని భుజంగరావుగారు దుర్గేష్‌ను అడిగారు.

"వినిపించాడు" అన్నారు కనకరత్నంగారు.

మేమిద్దరం ఆవిడ వైపు తిరిగాం.

"నాకు చదివి వినిపించాడండీ. కూర్చోవద్దని కాళ్లు పట్టుకున్నాడు. నేనే వినలేదు. కూతురు పోయాక నేనెందుకు బతకాలి అనుకున్నాను." బానెట్ వైపు చెయ్యి చూపారు. "ఆ డబ్బీలు కూడా నేనే మార్చాను. ఆ రాత్రి. అల్లుడి మీద కోపంతో. రాసుకోండి."

భుజంగరావుగారి చేతిలో పెన్ను ఉంది, రాయడం లేదు. ఇంత ముసలి గుండె ఇంత అబద్ధం ఎలా మోస్తుందో నాకు తెలియదు. వెంకటసాయి బయటికి రావచ్చు, ఆవిడకు ఇక అభ్యంతరం లేదు. కొడుకు లోపలికి పోకూడదు, అంతే. ఆ మాటను అక్కడికక్కడే విరిచేయకపోతే సాయంత్రానికి స్టేషన్లోనూ అదే చెబుతారు, చెప్పి నిలబడతారు.

"ఏవి మార్చినవో చూపించు అమ్మా" అన్నాను.

ఆవిడ బానెట్ దగ్గరికి నడిచారు. రిలేలు రెండు వరసల్లో ఉన్నాయి, అన్నీ నల్లవే. ఆవిడ కారులో ఉండగా మేం మార్చాం, ఏ డబ్బీయో ఆవిడ చూడలేదు. వేలు ఒకదాని మీద ఆగింది, తడబడి ఇంకోదాని మీదికి పోయి అక్కడ నిలబడింది. అది రేడియేటరు ఫ్యానుది.

"ఇదీ, దీని పక్కదీ" అన్నారు.

దుర్గేష్ అంతవరకు నేల చూస్తున్నాడు. తలెత్తి తల్లి వేలు ఎక్కడుందో చూశాడు. దగ్గరికి వచ్చి, చాలా మెల్లగా, చంటిపిల్ల చేత అక్షరం దిద్దించేటట్టు ఆవిడ చేయి పట్టుకున్నాడు. వెతుక్కోకుండానే వేలిని కింది వరసలో చివరి రెండిటి మీదికి జరిపాడు.

"ఇవి అమ్మా" అన్నాడు. "అమ్మ నిజమే చెప్తున్నది అక్కా. మార్చింది అమ్మనే. నేను చూసిన."

భుజంగరావుగారు నా వైపు చూశారు. మేం రిలేలు మార్చినప్పుడు అతను ఇంట్లో లేడు. ఏవి మారాయో మేమిద్దరం ఇంకా ఎవరికీ చెప్పలేదు, కాలినది తన చోటికి వెళ్లి మిగతావాటిలో కలిసిపోయింది. మార్చిన మనిషికి తప్ప ఆ చోటు తెలిసే వీలు లేదు. ఆ సంగతి దుర్గేష్‌కు తట్టలేదు. కనకరత్నంగారికి తట్టింది. ఆవిడ కొడుకు మొహంలోకి ఒక్కసారి చూసి, కళ్లు మూసుకున్నారు. అతని చేతి కింద నుంచి తన చేయి మాత్రం తీసుకోలేదు.